‘లా’ చెరిపేసిన రోజు

మా ఇంట్లో రేడియో నాయనమ్మ మంచం పక్కన గూట్లో ఉండేది. విజయవాడ కేంద్రం తప్ప ఇంకేదీ సరిగ్గా పట్టేది కాదు. “ఇప్పుడు సంగీత రూపకం వింటారు” అని వినపడగానే నాయనమ్మ చెరుగుతున్న బియ్యం చేట పక్కన పెట్టేసేది. రూపకం అనే మాట నా చెవిన మొదట పడింది అలాగే. ఆ తర్వాత సంగీతం నేర్చుకుంటున్న మా అక్క తొడ మీద చెయ్యి వేసుకుంటూ రూపక తాళం లెక్కపెట్టేది. బళ్లో సమాసాల దగ్గర రూపక సమాసం వచ్చింది, అలంకారాల దగ్గర రూపకాలంకారం వచ్చింది. ఇన్ని రూపకాలకీ ఒకదానితో ఒకదానికి ఏమైనా చుట్టరికం ఉందా అని అడగాలని నాకు అప్పట్లో తట్టలేదు. పరీక్షలో మార్కులు వస్తే చాలు.

మాది తెనాలి పక్కన పల్లెటూరు. 1986లో నేను తొమ్మిదో తరగతి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి, పరీక్షలు దగ్గరపడ్డాయి, మా తెలుగు మాస్టారు వ్యాకరణం మళ్లీ మొదటినుంచీ చెబుతున్నారు. అలంకారానికి లక్షణం రాయాలి, లక్ష్యం రాయాలి, సమన్వయం చెయ్యాలి. “ఉపమేయమునందు ఉపమాన ధర్మమును ఆరోపించి, రెండింటికీ భేదము లేనట్లు చెప్పుట రూపకాలంకారము.” లక్ష్యం అందరికీ ఒకటే: లతాలలనలు రాజుపై కుసుమాక్షతలు చల్లినారు. లతలు అనెడు లలనలు, కుసుమములు అనెడు అక్షతలు. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం, దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం. ఆ ‘అనెడు’ పడితే మార్కు, పడకపోతే లేదు. సంసారసాగరం, విద్యాధనం, జ్ఞానజ్యోతి, అన్నిటికీ మధ్యలో ‘అనెడు’ దూర్చడం మా చేతులకు అలవాటైపోయింది.

నాకు అర్థంకాని మాట ఒక్కటే, ఆరోపించడం. పేపర్లో ఆ మాట ఎప్పుడూ ఒకరి మీద ఒకరు నిందలు వేసుకునేచోటే కనపడేది. లతల మీద లలనల్ని ఆరోపించడమేంటి? అడగడానికి భయం. పైగా మిగతా అందరికీ అర్థమైనట్టే ఉండేది.

ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో రాయబారం నాటకం ఆడారు. ఆడింది పైనుంచి పిలిపించిన సమాజం కాదు, మా ఊరివాళ్లే. కృష్ణుడి వేషం మా మిషను బాబాయిది. అసలు పేరు పిలిచేవాళ్లే లేరు. రామాలయం పక్క సందులో కుట్టుమిషను పెట్టుకుని ఊరందరి బట్టలూ కుట్టేవాడు కాబట్టి చిన్నవాళ్లందరికీ మిషను బాబాయి, పెద్దవాళ్లకు మిషనోడు. గొంతు మాత్రం అపురూపం. రాగం తీసి పద్యం అందుకుంటే వెనక చెరువు గట్టు మీద కూర్చున్నవాళ్లకు కూడా ప్రతి అక్షరం వినపడేది. వన్స్‌మోర్ అని అరిస్తే విసుగు లేకుండా మళ్లీ పాడేవాడు.

వేషాలు వేసుకునేది మా బడి వరండాలోనే. అట్టకు బంగారు కాగితం అంటించి, చమ్కీ కుట్టిన కిరీటం. ఆ కుట్టుపని కూడా తనదే. నిజం నెమలి పింఛం. ముఖానికీ చేతులకూ నీలం. తెర లేచింది. హార్మణీ మొదలైంది. మా నాయనమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో ఒకసారి కూర్చుంటే మళ్లీ లేవడానికి నా భుజం కావలసిన మనిషి, ఆ రాత్రి మాత్రం ఎవరినీ పట్టుకోకుండా లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. ఆవిడ ఒక్కతే కాదు, ఆ వరసంతా లేచింది.

మర్నాడు పొద్దున మాస్టారు వస్తూనే పుస్తకం తియ్యలేదు.

“రాత్రి పందిట్లోకి ఎవర్రా వచ్చింది?”

ముందు బెంచీలోవాడు లేచాడు. “మిషను బాబాయి కృష్ణుడిలా వచ్చాడండీ.”

మాస్టారు ఆ వాక్యాన్ని అలాగే బోర్డు మీద రాశారు. రాసి నావైపు తిరిగారు. “మీ నాయనమ్మ లేచి దణ్ణం పెట్టింది, చూశాను. ఎవరికి పెట్టిందిరా? మిషను బాబాయికా?”

“కాదండీ. కృష్ణుడికి.”

“మరి ఈ ‘లా’ ఎందుకొచ్చింది మధ్యలో?”

నేనేమీ చెప్పలేకపోయాను. ఆయన డస్టర్ కూడా తీసుకోలేదు. బొటనవేలితో ‘లా’ ఒక్కటీ రుద్ది చెరిపేశారు. అక్కడ తెల్లటి మరక మిగిలింది. “ఇప్పుడు చదవండి. మిషను బాబాయి కృష్ణుడు. ‘లా’ ఉన్నంతసేపూ ఉపమ. అది తీసేస్తే రూపకం. అంతే. మిగిలిందంతా పరీక్ష కోసం.”

అప్పుడు వచ్చింది ధైర్యం. ఆరోపించడమంటే ఏంటండీ అని అడిగాను. ఆరోపం అంటే ఎక్కించడం అన్నారు. వింటికి నారి ఎక్కించడాన్ని కూడా సంస్కృతంలో ఆరోపణ అంటారట. లేని తప్పును ఒకడి మీదకు ఎక్కిస్తే అది పేపర్లోవాళ్ల ఆరోపణ. కృష్ణుణ్ణి మిషను బాబాయి మీదకు ఎక్కిస్తే అది రూపకం. అన్నాళ్లూ గొంతులో ముల్లులా ఉన్న మాట ఒక్కసారి దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం బడి వదలగానే నిక్కరు తెచ్చుకోవడానికి బాబాయి కొట్టుకు వెళ్లాను. రాత్రి నాటకం అయ్యేసరికి తెల్లారిందట, ఒక గంటన్నా పడుకున్నాడో లేదో, మిషను మీద కూర్చునే ఉన్నాడు. మెళ్లో టేపు, చెవిలో పెన్సిలు. నల్ల గుడ్డ మీద సుద్దబిళ్లతో గీత గీస్తున్నాడు. తల వంచినప్పుడు కనపడింది, కుడి చెవి వెనక, దవడ దిగేచోట, నూనె గుడ్డకు అందకుండా మిగిలిపోయిన నీలం. అర్ధరూపాయంత ఉంటుంది.

“బాబాయ్, చెవి కింద రంగుంది.”

“ఉండనీరా. సాయంత్రం తలంటుకుంటే అదే పోద్ది. ఇట్రా, నడుం చూడనీ.”

అంతలో నాయనమ్మ వచ్చింది. రాత్రి చేతులు జోడించిన మనిషేనా అనిపించింది. “ఏరా, నా జాకెట్టు ఇవాళన్నా ఇస్తావా, మళ్లీ రేపంటావా?” అని నిలదీసింది. బాబాయి “రేపు పొద్దున్నే పెద్దమ్మా, ఒట్టు” అన్నాడు. ఆవిడ చూపు ఆ నీలం మరక మీద పడింది. నోరు మెదపలేదు. కొంగు చివర తడిపి, చిన్నపిల్లాడికి తుడిచినట్టు తుడిచింది.

ఈ సంగతి మర్నాడు మాస్టారికి చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. దండి అనే ఆలంకారికుడు సుమారు పదమూడు వందల ఏళ్ల కిందట కావ్యాదర్శంలో చెప్పిన మాట అప్పుడు చెప్పారు: “ఉపమైవ తిరోభూతభేదా రూపకముచ్యతే.” భేదం మరుగున పడిన ఉపమనే రూపకం అంటారు. మమ్మటుడు తర్వాత కావ్యప్రకాశంలో ఉపమానోపమేయాలకు అభేదమే రూపకం అన్నాడు. మా పాఠ్యపుస్తకం ఆయన దారినే పట్టింది. మాస్టారికి మాత్రం దండి మాటే ఇష్టం. “తిరోభూతం అన్నాడురా, నశించింది అనలేదు. తిరస్కరిణి అంటే తెర. భేదం తెర వెనకే కూర్చుని ఉంటుంది. మీ నాయనమ్మకు అది తెలుసు. తెలిసే దణ్ణం పెట్టింది.” ఇప్పటికి నలభై ఏళ్లు కావస్తోంది. రూపకం గురించి ఇంతకంటే బాగా చెప్పినవాళ్లు నాకు ఇంకా తారసపడలేదు.

అది మొదలు నాకు ఇంట్లో, పొలంలో, ఎక్కడపడితే అక్కడ రూపకాలు కనపడటం మొదలైంది. గడియారానికి ముల్లు. పసుపుకు కొమ్ము. కొబ్బరికాయకు మూడు కళ్లు. అరటి గెలకు హస్తాలు. ఎప్పుడో ఎవరో ఒకరు మొదటిసారి ఆ పసుపు దుంపను చూసి ‘కొమ్ములా ఉంది’ అని ఉంటారు. తర్వాత ‘లా’ పోయింది. ఇంకొన్ని తరాలకు ఎద్దు కొమ్ము సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. పచారీ కొట్లో పావుకిలో పసుపు కొమ్ములు అడిగే మనిషి అలంకారం వాడుతున్నాననుకోదు కదా!

అన్నిటికంటే నన్ను ఆపేసింది వరిచేను. నాన్న పొలంనుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ “పైరు పొట్ట మీదుంది” అనేవాడు. కొన్నాళ్లకు “ఈనింది” అనేవాడు. ఆవు ఈనుతుంది, గేదె ఈనుతుంది, వరీ ఈనుతుంది. తర్వాత “పాలు పోసుకుంటోంది.” ఇదంతా నేను పుట్టినప్పట్నించీ వింటున్న మాటే. ఆ ఏడు కార్తీకంలో నాన్నతో చేలోకి వెళ్లి అడిగాను, పాలు ఎక్కడున్నాయని. ఆయన వంగి, పచ్చగా ఉన్న వెన్నులోంచి ఒక గింజ తుంపి నా బొటనవేలి గోరు మీద పెట్టి నొక్కాడు. చిక్కటి తెల్లటి చుక్క పైకొచ్చింది. నాకి చూడమన్నాడు. తియ్యగా, పచ్చివాసనగా ఉంది. ఈ మాటలు పుట్టించినవాడు ఎవరో గాని చేలో నిలబడి, పైరును కడుపుతో ఉన్న ఆడకూతురుగా చూసిన మనిషి. పొట్ట, ఈనిక, పాలు. ఒక్క పోలికతో ఆగకుండా బిడ్డ పెరిగేదాకా వెంట నడిచాడు. వ్యవసాయ శాఖవాళ్ల కరపత్రాల్లో ఇప్పటికీ చిరుపొట్ట దశ, ఈనిక దశ, పాలుపోసుకునే దశ అనే అచ్చువేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ఆ గోరు మీది చుక్క గుర్తొస్తుంది.

ఇలా ఒక పోలిక పట్టుకుని అంగాంగానికీ పోలిక చెప్పుకుంటూ పోవడాన్ని సావయవ రూపకం అంటారని పదో తరగతిలో తెలిసింది. మాస్టారు ఆ రోజు పోతన భాగవతాన్ని కల్పవృక్షం చేసిన పద్యం ఎత్తుకున్నారు. “లలితస్కంధము, కృష్ణమూలము, శుకాలాపాభిరామంబు...” నోటితో చదువుతూ చేత్తో బోర్డు మీద చెట్టు గీయడం మొదలుపెట్టారు. బోదె గీసి, స్కంధం అంటే చెట్టు బోదె, భాగవతంలో భాగాల పేరూ స్కంధమే అన్నారు. నల్లటి వేరు, కృష్ణుడనే వేరు, రెండూ కృష్ణమూలమే. కొమ్మ మీద చిలక, అది శుకం. కథ చెప్పిన ఋషి శుకుడు. చెట్టు గుండ్రంగా పెరిగితే వృత్తం, పద్యమూ వృత్తమే. వాలిన పక్షులు ద్విజులు, గుడ్డుగా ఒకసారి, పిల్లగా ఒకసారి పుడతాయి కాబట్టి. బ్రాహ్మణులూ ద్విజులే. చివరికి చెట్టు మొదట్లో గుండ్రంగా గీత గీసి “ఇదేంట్రా?” అన్నారు. అందరం “పాదండీ” అన్నాం. కొబ్బరి మొక్కలకు పాదులు తవ్విన చేతులే అందరివీ. “ఆలవాలం. నీళ్లు నిలిచే చోటు. వ్యాసుడు ఈ చెట్టుకు పాదు.” బోర్డు నిండిపోయింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ చెట్టును రెండు రోజులు ఎవర్నీ చెరపనివ్వలేదాయన. లెక్కల మాస్టారు పాపం మిగిలిన ఖాళీలో సర్దుకున్నారు.

పొడుపు కథల సంగతి చెప్పకపోతే నాయనమ్మ ఊరుకోదు. కరెంటు పోయిన రాత్రి ఆరుబయట మంచాల మీద పడుకుని ఆవిడ వేసేది: “అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనయ్యాను.” ఎన్నిసార్లు విన్నా మా చెల్లెలు మాత్రం అప్పుడే విన్నట్టు కళ్లు పెద్దవి చేసి “ఎవరు నాయనమ్మా?” అనేది. పిడక! గోడకు కొట్టిన పిడక. ఇందులో ఉపమేయం పేరే ఎత్తరు, ఉపమానం దాన్ని పూర్తిగా మింగేస్తుంది. శాస్త్రంలో రూపకాతిశయోక్తి అని ఎంత పెద్ద పేరో దానికి. ఋగ్వేదం మొదటి మండలంలోనూ ఇలాగే ఉంది. ఒకే చెట్టు మీద రెండు పక్షులు, స్నేహితులు. ఒకటి పండు తింటోంది, రెండోది తినకుండా చూస్తోంది. ఎవరా రెండూ అన్నది ఋషి విప్పి చెప్పడు. జీవుడూ పరమాత్మా అని పెద్దలు తర్వాత విప్పారు. ఆ సూక్తం నిండా పొడుపు కథలే. నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఆవిడ పిడకా, ఋషి పక్షులూ ఒకే పంక్తిలో కూర్చుంటాయని నా గట్టి నమ్మకం.

బ్యాంకు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ చేరాక సాయంత్రాలు చిక్కడపల్లి గ్రంథాలయంలో గడిచేవి. రూపకాల చుట్టరికం బయటపడింది అక్కడే. మనకు దొరికినంతలో అలంకారాల మొదటి లెక్క భరతుడి నాట్యశాస్త్రంలో ఉంది. నాలుగే నాలుగు: ఉపమ, రూపకం, దీపకం, యమకం. తర్వాతివాళ్లు వందకు పైగా పెంచారనుకోండి, మొదటి నాలుగింటిలోనే రూపకం ఉంది. అదీ కవిత్వం పుస్తకంలో కాదు, నాటకం ఆడేవాళ్ల పుస్తకంలో. పదో శతాబ్దంలో ధనంజయుడు రాసిన గ్రంథం పేరు దశరూపకం. పది రకాల నాటకాలకు పది రూపకాలని పేరు. ఎందుకంటే, “రూపకం తత్సమారోపాత్” అన్నాడు. నటుడి మీద రాముడి రూపాన్ని ఆరోపిస్తాం కాబట్టి నాటకం రూపకమైంది. మళ్లీ అదే ఆరోపం! రేడియోలో నాటకానికి రూపకమనీ, ముఖం మీద చంద్రుణ్ణి ఎక్కిస్తే రూపకమనీ అనడం వెనక ఉన్నది ఒకటే పని, ఒకరి మీదకు ఇంకొకరి రూపం ఎక్కించడం. మాస్టారు అలంకారం చెప్పడానికి రామనవమి పందిట్లోకి వెళ్లింది ఊరికే కాదు. ఆయనకు ఇదంతా తెలుసు. మాకు మిషను బాబాయి చాలనుకున్నారు.

రూపకానికి గ్రీకువాళ్లు వాడిన మాట వేరు. అరిస్టాటిల్ కావ్యశాస్త్రంలో వాడిన మెటఫొరా అంటే ఇక్కడిది అక్కడికి మోసుకెళ్లడం. ఒక వస్తువు పేరు తీసుకెళ్లి ఇంకో వస్తువుకు పెట్టడం. గ్రీసులో ఈనాటికీ ఇల్లు మారేవాళ్ల సామాన్లు మోసే లారీల మీద ఆ మాటే రాసి ఉంటుంది. బదిలీల మీద బదిలీలతో మంచాలూ బీరువాలూ లారీలకెక్కించి తిరిగినవాణ్ణి, ఆ మాట నాకూ దగ్గరగానే అనిపించింది. కానీ సామాను మోసే లారీకి ఆ సామానుతో బంధం ఏముంది? దింపేసి వెళ్లిపోతుంది. వేషం అలా కాదు, చెవి వెనక మరక మిగులుతుంది. నా మనసు మన మాట వైపే. రూపకం చెప్పగలగడం ఒకరి దగ్గర నేర్చుకుంటే వచ్చేది కాదని కూడా అరిస్టాటిల్ అన్నాడు. ఆయన మా ఊరి చేలగట్ల మీద నడిచి ఉంటే ఎవరూ నేర్పకుండానే అందరి నోటా వినేవాడు.

ఒకసారి ఎనిమిది నెలలు ఊరెళ్లడం కుదరలేదు. సంక్రాంతికి వెళ్లేసరికి నాయనమ్మ అరుగు మీద ఎండకు కూర్చుని ఉంది. చూపు అప్పటికే మందగించింది. బ్యాగు దించి కాళ్లకు దణ్ణం పెడితే, చేత్తో నా ముఖమంతా తడిమి “నల్లపూసవైపోయావు నాన్నా” అంది. ఎన్నిసార్లు విన్న మాటో. తాళిలో నల్లపూస పైట చాటునే ఉంటుంది, బయటికి కనపడదు. అలా కంటికి కనపడకుండా పోయావని. ఆ రాత్రి పడుకున్నాక తట్టింది, అందులో ‘లా’ లేదు. కనపడనిది, కానీ గుండె మీదే ఉండేది. అప్పటికి తాతయ్య పోయి ఇరవై ఏళ్లు. ఆవిడ మెడలో నల్లపూసలు లేక కూడా ఇరవై ఏళ్లు. నాయనమ్మతో అదే నా ఆఖరి సంక్రాంతి.

మాస్టారూ పోయారు, నాన్నా పోయాడు. పోయిన ఏడాది రామనవమికి చాలా కాలం తర్వాత మా ఊరు వెళ్లాను. రామాలయం పక్క సందు సిమెంటు రోడ్డయింది. కుట్టుమిషను కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్లు రీచార్జి చేసే షాపు ఉంది. అందులో కూర్చున్న కుర్రాణ్ణి “మిషను బాబాయి ఇల్లు ఎటు బాబూ?” అని అడిగాను. వాడికి తెలియలేదు. టైలరు, బట్టలు కుట్టేవాడు అని చెప్పినా తెలియలేదు. నాటకాల్లో వేషం వేసేవాడు అన్నాను.

“కృష్ణుడి తాతా అండీ? అలా చెప్పండి. ఆ వేపచెట్టు పక్క ఇల్లు.”

బాబాయికి ఎనభై దగ్గరపడుతున్నాయి. నులకమంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. కళ్లలో పొర. ఫలానావాళ్ల అబ్బాయినని చెప్పి పక్కన కూర్చున్నాను. మనిషి ఆనవాలు పట్టడానికి కాసేపు పట్టింది. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగలేదు. ఈ భుజం చివరనుంచి మెడ మీదుగా ఆ భుజం చివరకు జానలు వేసుకుంటూ వెళ్లింది.

“పద్దెనిమిది,” అన్నాడు. “అప్పుడు పధ్నాలుగు ఉండేదిరా నీకు.”